ఉప్పు సంగతి చెప్పని టీఎం

కిందటి నెలలో ఒక సాయంత్రం మా ల్యాబులో పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్న విద్యార్థిని ఒకామె, పొడి రూపంలో వచ్చిన డీఎన్‌ఏ గొట్టంతో పాటు కంపెనీవాళ్లు పంపిన కాగితాన్నీ, తాను అప్పుడే ముద్రించుకొచ్చిన గ్రాఫునూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టి నిలబడింది. "అక్కా, కాగితంలో టీఎం 47 అని ఉంది. నాకు 66 వచ్చింది. రెండింట్లో ఏదో ఒకటి తప్పయి ఉండాలి కదా, ఏది తప్పో చెప్పండి" అని అడిగింది. నేను గ్రాఫు వైపు చూడకుండానే "ఉప్పెంత వేశావు?" అన్నాను. ఆమె కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించింది. ఇంత కష్టపడి తెచ్చిన గ్రాఫును చూడకుండా వంటింటి ప్రశ్న వేశానని అనుకొని ఉంటుంది. కానీ రెండు అంకెలూ సరైనవేనని, వాటి మధ్య ఉన్న 19 డిగ్రీల తేడా మొత్తం గొట్టంలో ఉన్న అణువుది కాదని, దాని చుట్టూ ఉన్న నీటిదని ఆమెకు చూపించడానికి ఆ తరవాత రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో నేను కూడా కొన్ని పాత పొరపాట్లను గుర్తు చేసుకోవలసి వచ్చింది. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మాట సంగతి. టీఎం అంటే మెల్టింగ్ టెంపరేచర్, మన పాఠ్యపుస్తకాల్లో దానిని ద్రవీభవన ఉష్ణోగ్రత అంటారు. ఆ మాట వినగానే నెయ్యి కరగడమో, మంచు కరగడమో మనసులో మెదులుతుంది. ఇక్కడ కరిగేది ఏమీ లేదు. డీఎన్‌ఏ ముందే నీటిలో కరిగి ఉంటుంది. వేడి చేసినప్పుడు జరిగేదల్లా, ఒకదానికొకటి పెనవేసుకున్న రెండు పోగులు విడిపోవడం. ద్రావణంలో ఉన్న జంటలలో సరిగ్గా సగం విడిపోయి, సగం ఇంకా జంటగానే ఉన్న ఉష్ణోగ్రతను టీఎం అంటాం. ల్యాబులో ఎవరూ ద్రవీభవనం అనరు, అందరూ మెల్టింగ్ అనో టీఎం అనో అంటారు, నేనూ అలాగే రాస్తాను.

విడిపోవడాన్ని కంటితో చూడలేం కనుక కాంతితో చూస్తాం. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల క్షారాలు (పోగు పొడవునా వరుసగా ఉండే ఏ, టీ, జీ, సీ వంటి అణు భాగాలు) 260 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకుంటాయి. క్షారాలు జంటపోగులో నాణేల దొంతర మాదిరిగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నప్పుడు వాటి శోషణ తక్కువగా ఉంటుంది. పోగులు విడిపోయి, దొంతర చెదిరినప్పుడు అదే క్షారాలు మరింత కాంతిని పీల్చుకుంటాయి. పొడవైన డీఎన్‌ఏలో ఈ పెరుగుదల 40 శాతం వరకూ ఉంటుంది, పొట్టి ముక్కల్లో అంతకంటే తక్కువ. మా విద్యార్థిని కొలిచిన ముక్క 12 క్షారాలది. దాని గ్రాఫు కింద శోషణ 0.45 దగ్గర మొదలై, చాలాసేపు దాదాపు సమంగా నడిచి, 55 డిగ్రీలు దాటాక లేవడం మొదలుపెట్టి, 75 దాటాక 0.55 దగ్గర మళ్లీ నెమ్మదించింది. మొత్తం కథంతా ఆ 0.1 తేడాలోనే ఉంది. యంత్రం మూడో దశాంశ స్థానం దాకా నమ్మకంగా చూపకపోతే ఈ పని చేయలేం.

ఆమె తీసుకున్న వరుస ఈ రంగంలో అందరికీ తెలిసినదే: సీజీసీజీఏఏటీటీసీజీసీజీ. 1980లో రిచర్డ్ డికర్సన్ బృందం ఒక పూర్తి చుట్టు ఉన్న, 'బీ' అనే మామూలు రూపపు డీఎన్‌ఏ స్ఫటిక నిర్మాణాన్ని వెల్లడించింది ఈ ముక్కతోనే. ఎడమ నుంచి చదివినా, ఎదుటి పోగు మీద వెనక్కి చదివినా అదే వరుస వస్తుంది కనుక ఒకే పోగు తయారు చేయించుకుంటే చాలు, అదే తనతో తాను జతకడుతుంది. నేర్చుకునేవాళ్లకు చవకైన, మంచి ముక్క. దానిలో ఒక మెలిక కూడా ఉంది, దాని సంగతి తరవాత చెబుతాను.

ఇప్పుడు లెక్క. పొట్టి ముక్కల టీఎంను ముందుగా అంచనా కట్టడానికి మేము వాడేది ఇరుగుపొరుగు పద్ధతి. జంటపోగు గట్టిదనం అందులో ఎన్ని జీ-సీ జతలు ఉన్నాయన్నదాని మీద మాత్రమే ఆధారపడదు, ఏ క్షారం పక్కన ఏ క్షారం ఉన్నదన్నదాని మీద ఆధారపడుతుంది. సీ తరవాత జీ వస్తే ఒక విలువ, జీ తరవాత సీ వస్తే మరో విలువ. 1998లో జాన్ శాంటాలూసియా అప్పటికి వేర్వేరు ల్యాబులు ఇచ్చిన విలువలను పోల్చి, వాటి మధ్య తగాదాను చాలావరకు తీర్చి, డీఎన్‌ఏకు పది రకాల పొరుగు జంటల విలువలను ఒకే పట్టికగా ప్రచురించారు. ఆ పట్టికతో మా ముక్కకు ఎంథాల్పీ (జతకట్టేటప్పుడు వెలువడే వేడి) కూడితే మోలుకు మైనస్ 101.2 కిలోక్యాలరీలు, ఎంట్రోపీ (చిందరవందర తగ్గడాన్ని కొలిచే అంకె) కూడితే డిగ్రీకి మైనస్ 273.8 క్యాలరీలు వచ్చాయి. ఈ రెండు అంకెలకు పోగుల గాఢతను జోడిస్తే టీఎం వస్తుంది. మా విద్యార్థిని వేసినది ఒక మోలార్ సోడియం క్లోరైడ్, 5 మైక్రోమోలార్ పోగులు. ఆ లెక్కన టీఎం 66.4 డిగ్రీలు. ఆమె కొలత సరిపోయింది.

తరవాత అదే కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని ఆమె చేతనే చదివించాను. 50 మిల్లీమోలార్ సోడియం, 0.25 మైక్రోమోలార్ పోగులు అని అక్కడ రాసి ఉంది. పోగులు 5 మైక్రోమోలార్‌లోనే ఉంచి, ఉప్పు ఒక్కటి ఒక మోలార్ నుంచి 50 మిల్లీమోలార్‌కు తగ్గించి లెక్కవేస్తే 66.4 కాస్తా 53కు దిగింది. ఆపైన పోగుల గాఢతను కూడా 0.25కు తగ్గిస్తే 47. కాగితంలో ఉన్నది అదే. అంటే 19 డిగ్రీలలో 13 ఉప్పుకు, 6 గాఢతకు. పోగులు 5 బదులు 50 మైక్రోమోలార్ వేసి, ఉప్పు ఒక మోలార్‌లోనే ఉంచి ఉంటే 72 దగ్గరకు వెళ్లేది. "మరి దీని అసలు టీఎం ఎంతక్కా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే అసలు టీఎం అనేది లేదు. ఈ సంగతి నేర్చుకోవడానికి నాకు ఆమె కంటే చాలా ఎక్కువ కాలం పట్టింది.

ఉప్పు ఎందుకింత పని చేస్తుందంటే, ప్రతి పోగు వెన్ను పొడవునా ఫాస్ఫేట్ల రుణావేశం ఉంటుంది. రెండు పోగులు పక్కపక్కన చేరితే రెండింటి రుణావేశాలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. సోడియం అయాన్లు వాటి మధ్య చేరి ఆ తోపును చల్లారుస్తాయి. ఉప్పు లేకపోతే పోగులను కలిపి ఉంచడం కష్టం. నేను ఈ రంగంలోకి కొత్తగా వచ్చినప్పుడు పొడి డీఎన్‌ఏను శుద్ధమైన స్వేదనజలంలో కరిగించి, ఆ నీటితోనే యంత్రంలో పెట్టి, ఒక పూట అంతా కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా ఒక వాలు గీత తప్ప ఏమీ లేని గ్రాఫును తీసుకొని మా సార్ దగ్గరకు వెళ్లాను. ఆయన ఆ గీతను చూసి, "మెల్ట్ అవ్వడానికి అసలు జత కలిసి ఉండాలి కదమ్మా" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నేటికీ ఎవరైనా గ్రాఫు తీసుకొస్తే ముందు ఉప్పు గురించి అడిగే అలవాటు అక్కడి నుంచి వచ్చింది.

మెగ్నీషియం మరీ బలమైనది. దానికి రెండు ధనావేశాలు ఉండడం వల్ల 10 మిల్లీమోలార్ మెగ్నీషియం దాదాపు ఒక మోలార్ సోడియం చేసే పని చేసేస్తుంది. పీసీఆర్ (డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతి) బఫర్‌లో, అంటే పీహెచ్‌ను నిలిపి ఉంచే ద్రావణంలో, ఉన్న ఒకటి రెండు మిల్లీమోలార్ మెగ్నీషియాన్ని లెక్కలో వేసుకోకుండా ప్రైమర్ (నకలు మొదలుపెట్టే చిన్న ముక్క) టీఎంను సోడియం సూత్రంతో మాత్రమే కట్టి, ఆ తరవాత జెల్ మీద బ్యాండ్ (డీఎన్‌ఏ గీత) రావడం లేదని బాధపడేవాళ్లు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు కనిపిస్తారు.

పాతకాలపు సూత్రాలు కూడా తమ ఉప్పును తమతోనే మోసుకొస్తాయి, మనమే దానిని మధ్యలో ఎక్కడో దింపేస్తాం. హార్వర్డ్‌లో పాల్ డోటీ, జూలియస్ మార్మర్ 1950ల చివరలోనూ 60ల మొదట్లోనూ అనేక జీవుల డీఎన్‌ఏలను వేడి చేసి, శోషణ పెరుగుదలను గీసి, జీసీ శాతం పెరిగేకొద్దీ టీఎం సరళరేఖలో పెరుగుతుందని చూపించారు. 1962లో వాళ్లు ప్రచురించిన సూత్రం ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది: జీసీ శాతాన్ని 0.41తో గుణించి 69.3కు కలపాలి. ఇకోలై అనే బాక్టీరియా డీఎన్‌ఏలో జీసీ సుమారు 50 శాతం కనుక దాదాపు 90 డిగ్రీలు వస్తుంది. మనిషి డీఎన్‌ఏకు 86 వస్తుంది. అయితే ఆ 69.3 అనే అంకె 0.15 మోలార్ సోడియం క్లోరైడ్, 0.015 మోలార్ సోడియం సిట్రేట్ ఉన్న ద్రావణానిది. పొడవైన డీఎన్‌ఏకు సోడియం పది రెట్లు తగ్గితే టీఎం దాదాపు 16.6 డిగ్రీలు పడిపోతుంది, కనుక అదే ఇకోలై డీఎన్‌ఏ పదోవంతు ఉప్పులో 73 దగ్గరే విడిపోతుంది. ఇక ఏటీకి 2, జీసీకి 4 చొప్పున కూడే లెక్క ఉందే, దానిని చిన్న ప్రోబులను (వెతకడానికి వాడే డీఎన్‌ఏ ముక్కలను) పొరల మీది డీఎన్‌ఏతో జత కలిపే పనికి, దాదాపు ఒక మోలార్ సోడియంలో వాడటానికి పెట్టుకున్నారు. మా ముక్కకు ఆ లెక్క 40 అంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం. అయినా మౌఖిక పరీక్షల్లో ఇప్పటికీ దాన్నే అడుగుతున్నారు.

లెక్కలు ఒక ఎత్తు, కొలవడం ఒక ఎత్తు. ఉప్పు సరిగా వేసినా కొలత చెడిపోయే దారులు చాలా ఉన్నాయి. మా విద్యార్థిని రెండోసారి 50 మిల్లీమోలార్ ఉప్పులో కొలిచినప్పుడు గ్రాఫు మధ్యలో, 60 డిగ్రీల దగ్గర, శోషణ ఉన్నట్టుండి 0.02 ఎగిరి, ఒక నిమిషం తరవాత మళ్లీ పడింది. ఆమె దానిని కొత్త నిర్మాణమేమోనని ఆశగా చూసింది. అది గాలి బుడగ. చల్లని నీటిలో కరిగి ఉన్న గాలి వేడి ఎక్కేకొద్దీ క్వార్ట్జ్ క్యూవెట్ (ద్రావణం పోసి కాంతి దారిలో పెట్టే చిన్న పాత్ర) గోడలకు చిన్న చిన్న ముత్యాల్లా అంటుకుంటుంది. వాటిలో ఒకటి కాంతి దారిలోకి వచ్చినప్పుడు గ్రాఫు ఎగురుతుంది, పైకి తేలిపోగానే దిగుతుంది. అందుకే ద్రావణాన్ని ముందుగానే వేడి చేయడమో, వాక్యూమ్‌లో కాసేపు ఉంచడమో చేసి గాలిని తీసేయాలి. పైన ఒక చిన్న పొర సిలికోన్ నూనె పోయాలి. లేకపోతే 90 డిగ్రీల దగ్గర నీరు ఆవిరై, మిగిలినదాని గాఢతా ఉప్పూ రెండూ పెరుగుతాయి. నూనె ఎక్కువైతే కాంతి దారిలోకి దిగుతుంది, తక్కువైతే మధ్యలో పొర తెగుతుంది. ఎంత పోయాలో ఒకరు ఒకసారి చేతితో పోసి చూపిస్తే తప్ప రాదు. ఇటు 15 డిగ్రీల కింద క్యూవెట్ బయట తేమ పట్టి గాజు మసకబారుతుంది కనుక యంత్రంలో క్యూవెట్ పెట్టే అరలోకి పొడి నత్రజని వదలాలి. వానాకాలంలో ఇది మరిచిపోతే మొదటి 10 డిగ్రీల గ్రాఫు పనికిరాదు.

అన్నింటికంటే మోసం చేసేది ఉష్ణోగ్రతే. తెర మీద కనబడే అంకె చాలాసార్లు లోహపు దిమ్మెది, క్యూవెట్ లోపల నీటిది కాదు. పైకి వెళ్లేకొద్దీ ఆ రెంటికీ ఒకటి రెండు డిగ్రీల తేడా రావడం మామూలే. పక్క క్యూవెట్‌లో బఫర్ పోసి, అందులో సన్నని ఉష్ణోగ్రతా తీగ ముంచి కొలుచుకోవడం ఒక్కటే దారి. వేడి చేసే వేగం కూడా ఇక్కడే చూసుకోవాలి. నిమిషానికి అర డిగ్రీ చొప్పున పోతే 20 నుంచి 90కి చేరడానికి 140 నిమిషాలు పడుతుంది, మళ్లీ దిగడానికి అంతే. ఓపిక లేక నిమిషానికి 5 డిగ్రీలు పెడితే నీరు దిమ్మె కంటే వెనకబడుతుంది, పోగులు నీటి కంటే వెనకబడతాయి. అందుకే ఎక్కేటప్పటి గ్రాఫుతో పాటు దిగేటప్పటి గ్రాఫును కూడా చూడనిదే నేను ఏ టీఎంనూ నోటుబుక్కులో రాయనివ్వను. రెండూ ఒకదాని మీద ఒకటి పడితేనే ద్రావణం ప్రతి డిగ్రీ దగ్గరా సమతాస్థితిలో ఉందని అర్థం. పడకపోతే మనం కొలిచినది సమతాస్థితి కాదు, మన తొందర.

బఫర్ గురించి ఒక పాత ఫిర్యాదు. జీవశాస్త్ర ల్యాబుల్లో చేతికందే బఫర్ ట్రిస్. అలమారలో ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది. కానీ ట్రిస్ పీహెచ్ ప్రతి డిగ్రీకి సుమారు 0.028 చొప్పున తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 7.5గా పెట్టుకున్నది 85 దగ్గరకు వచ్చేసరికి 5.8 అవుతుంది. మామూలు జంటపోగుకు దీనివల్ల పెద్ద ప్రమాదం లేకపోవచ్చు గానీ, సీ క్షారం ప్రోటాన్‌ను పట్టుకోవడం మీద ఆధారపడే నిర్మాణాలను కొలుస్తున్నప్పుడు, వేడితో పాటు ఆమ్లాన్ని కూడా కలుపుతూ పోతున్నట్టే. మూడు పోగుల నిర్మాణాలతో నేను ఒకసారి సరిగ్గా ఈ పొరపాటే చేశాను, ఒక నెల పోయింది. ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ వేడితో దాదాపు కదలదు. కాకోడిలేట్ కూడా బాగుంటుంది, కాకపోతే దానిలో ఆర్సెనిక్ ఉంది కనుక వ్యర్థాన్ని విడిగా పోయాలి, సింకులో పోయకూడదు.

గాఢత విషయంలో కూడా ఒక చిన్న కిటుకు ఉంది. పోగుల గాఢతను గది ఉష్ణోగ్రత దగ్గర కొలిస్తే, దొంతరగా ఉన్న క్షారాలు తక్కువ కాంతి పీల్చడం వల్ల ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుంది. అందుకే 85 లేక 90 డిగ్రీల దగ్గర, పోగులన్నీ విడిపోయి ఉన్నప్పటి శోషణను తీసుకొని లెక్కవేస్తాం. మా విద్యార్థిని మొదట గది ఉష్ణోగ్రత అంకెనే వాడింది. దానివల్ల టీఎంలో వచ్చే తేడా అర డిగ్రీ కూడా ఉండదు, కాబట్టి నేను పెద్దగా గొడవ చేయలేదు. సరిదిద్దమని మాత్రం చెప్పాను.

గ్రాఫు వచ్చాక సగం ఎక్కడో గుర్తించాలి. ఇక్కడ మన చేతి వాటం తెలియకుండానే చొరబడుతుంది. కింది సమతలమూ పై సమతలమూ నిజానికి సమంగా ఉండవు, రెండూ కొంచెం వాలుగా ఉంటాయి. వాటికి గీతలు గీసి, ఆ రెండు గీతల నడిమి గీత గ్రాఫును ఎక్కడ కోస్తుందో చూడాలి. కింది గీతను 20 నుంచి 40 వరకు ఉన్న బిందువులతో గీస్తే ఒక టీఎం, 30 నుంచి 50 వరకు ఉన్నవాటితో గీస్తే మరొకటి వస్తాయి. తేడా చిన్నదే, కానీ ఎంథాల్పీలో అది పెద్దదై కూర్చుంటుంది. ఈ బాధ ఎందుకని చాలామంది గ్రాఫు వాలు ఎక్కడ గరిష్ఠమో చూసి, ఆ శిఖరాన్నే టీఎం అనేస్తారు. రెండు పోగులు కలిసి చేసే జంటలకు ఆ శిఖరం అసలు సగం కంటే కొంచెం పైన పడుతుంది. రెండు ముక్కలను పోల్చడానికి శిఖరం సరిపోతుంది. శిఖరాన్ని సగం అని పిలవడంతోనే నాకు పేచీ.

ఇప్పుడు ముందు చెప్పిన మెలిక. 50 మిల్లీమోలార్ దగ్గర మా విద్యార్థినికి 54 వచ్చింది, లెక్క చెప్పిన 53కు దగ్గరే. ఉత్సాహం కలిగి ఇంకా కిందికి, 5 మిల్లీమోలార్ సోడియం దగ్గరకు దిగింది. అక్కడ గ్రాఫు ఒక మెట్టు ఎక్కి, ఆగి, రెండో మెట్టు ఎక్కింది. ఈసారి అది బుడగ కాదు. చల్లార్చేటప్పుడు కూడా అవే రెండు మెట్లు వెనక్కి వచ్చాయి. తనతో తాను జతకట్టగల ముక్కకు మరో దారి కూడా ఉంటుంది. ఎదుటి పోగు కోసం చూడకుండా తనే మధ్యలో వంగి, రెండు చివర్ల సీజీసీజీలను జత కలుపుకొని, నడుమ ఏఏటీటీని ఉచ్చులా వదిలేసి హెయిర్‌పిన్ అవుతుంది. తక్కువ ఉప్పులో రెండు పోగుల ఆవేశాలు దగ్గరకు రావడం కష్టం కనుక జంట ముందు విడిపోతుంది, విడిపోయిన పోగు హెయిర్‌పిన్‌గా ముడుచుకుంటుంది, ఆ తరవాతే ఇంకా పై ఉష్ణోగ్రత దగ్గర అది కూడా విప్పుకుంటుంది. 1980ల్లోనే కెన్నెత్ బ్రెస్లావర్ బృందం ఈ ముక్కలోనే దీనిని వివరించింది.

ఏ మెట్టు ఏదో చెప్పడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ద్రావణాన్ని పలచన చేయాలి. జంట విడిపోవడం పోగుల గాఢత మీద ఆధారపడుతుంది, ఎందుకంటే మళ్లీ జత కట్టాలంటే ఒక పోగు మరో పోగును వెతుక్కోవాలి. హెయిర్‌పిన్‌కు ఎవరినీ వెతుక్కోవలసిన పని లేదు కనుక దాని టీఎం గాఢతతో కదలదు. మేము 20, 5, 1 మైక్రోమోలార్‌లలో కొలిచాం. 20 మైక్రోమోలార్‌కు కాంతి దారి పొట్టిగా ఉండే క్యూవెట్, ఒక మైక్రోమోలార్‌కు ఒక సెంటీమీటరు క్యూవెట్ వాడవలసి వచ్చింది. కింది మెట్టు గాఢత తగ్గేకొద్దీ ఎడమకు జరిగింది. పై మెట్టు ఉన్నచోటే ఉంది. మూడు గ్రాఫులను ఒకదాని మీద ఒకటి వేసి కిటికీ వెలుతురుకు పట్టి చూసినప్పుడు పై మెట్లు మూడూ ఒకే గీతగా కలిసిపోవడం చూసి ఆమె మొదటిసారి నవ్వింది. ఈ పని చేయకుండా రెండు మెట్ల గ్రాఫును ఒకే మెట్టుగా అనుకొని సూత్రంలో పెడితే ఎంథాల్పీ అసలు విలువలో సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. సూత్రం మనల్ని ఏమీ అడగదు, ఇచ్చిన గ్రాఫుకు ఒక అంకె ఇచ్చేస్తుంది.

ఇదే పలచన పద్ధతిని ఇంకొంచెం కష్టపడి, ఏడెనిమిది గాఢతల దగ్గర చేసి, టీఎం విలోమాన్ని గాఢత సంవర్గమానానికి ఎదురుగా గీస్తే వచ్చే వాలు నుంచి ఎంథాల్పీ వస్తుంది. ఒక్కో గ్రాఫు ఆకారం నుంచి కూడా ఎంథాల్పీ వస్తుంది. రెండూ 15 శాతం లోపల ఏకీభవిస్తే జంట, విడి అనే రెండు స్థితులే ఉన్నాయని ఒప్పుకుంటాం. ఒప్పుకోలేకపోతే క్యాలరీమీటర్ దగ్గరకు వెళ్లాలి. అది కాంతిని కాదు, నేరుగా ద్రావణం పీల్చుకున్న వేడినే కొలుస్తుంది, మధ్యలో ఎన్ని స్థితులున్నాయన్న ఊహ దానికి అవసరం లేదు. కానీ దానికి కావలసిన డీఎన్‌ఏ చాలా ఎక్కువ, విద్యార్థులు దాని దగ్గరకు వెళ్లడానికి జంకేది అందుకే.

ఆర్‌ఎన్‌ఏ దగ్గరకు వస్తే ఇంకో చిక్కు మొదలవుతుంది. ముందు మంచి కబురు: అదే వరుసను టీ బదులు యూతో ఆర్‌ఎన్‌ఏగా రాసి, డగ్లస్ టర్నర్ బృందం 1998లో ఇచ్చిన ఆర్‌ఎన్‌ఏ విలువలతో, ఒక మోలార్ ఉప్పు, 5 మైక్రోమోలార్ దగ్గర లెక్క కడితే 72 డిగ్రీలు వస్తుంది. డీఎన్‌ఏ కంటే 6 డిగ్రీలు ఎక్కువ. ఆర్‌ఎన్‌ఏ జంట 'బీ' రూపంలో కాక 'ఏ' అనే రూపంలో, పొట్టిగా లావుగా చుట్టుకుంటుంది, మొత్తం మీద డీఎన్‌ఏ జంట కంటే గట్టిది. కానీ ఆర్‌ఎన్‌ఏ చక్కెరలో అదనంగా ఉన్న ఒక హైడ్రాక్సిల్, పక్కనే ఉన్న ఫాస్ఫేట్ బంధం మీద దాడి చేసి వెన్నునే తెంపగలదు. వేడి పెరిగినా, పీహెచ్ పెరిగినా, మెగ్నీషియం ఉన్నా ఆ తెగడం వేగం పుంజుకుంటుంది. అందువల్ల ఆర్‌ఎన్‌ఏ వేడికి ఎంత నిలుస్తుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఏ నిలకడ అని అడుగుతాను. ముడి విప్పుకోకుండా నిలవడం ఒకటి, పోగు తెగకుండా నిలవడం మరొకటి. విప్పుకున్నది చల్లారిస్తే మళ్లీ ముడుచుకుంటుంది. తెగినది అతుక్కోదు. కోవిడ్ కాలంలో ఫైజర్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను మైనస్ 70 డిగ్రీల పెట్టెల్లో దాచవలసి వచ్చిందని వార్తల్లో చదివినవాళ్లు చాలామంది దానినీ టీఎంనూ కలిపేస్తారు. ఆ చలి రెండో నిలకడ కోసం, మొదటిదాని కోసం కాదు.

మా గ్రాఫుల్లో ఈ తేడా ఇలా కనిపిస్తుంది: డీఎన్‌ఏను మూడుసార్లు ఎక్కించి దించినా గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆర్‌ఎన్‌ఏను మెగ్నీషియంతో ఒక్కసారి 95 దాకా తీసుకెళ్లి దించితే దిగే గ్రాఫు తన పాత దారి పట్టదు, రెండోసారి ఎక్కేటప్పుడు మెట్టు పలచబడుతుంది. అందుకని మెగ్నీషియం లేకుండా, సోడియంలో, కొంచెం ఈడీటీఏ (మెగ్నీషియం వంటి లోహ అయాన్లను పట్టేసుకునే రసాయనం) వేసి, పీహెచ్ 7 దగ్గర కొలుస్తాం, పై ఉష్ణోగ్రత దగ్గర అవసరానికి మించి ఒక్క నిమిషం కూడా ఉంచం. మెగ్నీషియం ఉండి తీరాల్సిన పెద్ద ఆర్‌ఎన్‌ఏలకు ప్రతి కొలత తరవాత జెల్ నడిపి, పోగు పొడవు తగ్గలేదని చూసుకోవాలి. ఇక చేతి తొడుగుల సంగతి అందరికీ తెలిసిందే. మన చర్మం మీద ఉండే రైబోన్యూక్లియేజ్ ఎంజైములు ఎంత మొండివంటే, ఆ కుటుంబంలో బాగా తెలిసిన రైబోన్యూక్లియేజ్-'ఏ' మరిగించినా చావదు, చల్లారగానే మళ్లీ పనిలో దిగుతుంది. కనుక ఆర్‌ఎన్‌ఏ క్యూవెట్లను విడిగా ఒక పెట్టెలో పెట్టి, పైన ఎర్ర టేపు అంటించాం. డీఎన్‌ఏ వాడేవాళ్లు ఎంత తొందరలో ఉన్నా వాటిని ముట్టుకోకూడదని నియమం, దానిని ఉల్లంఘించినవాళ్లలో నేను కూడా ఒకసారి ఉన్నాను.

శుక్రవారం సాయంత్రం ఆ విద్యార్థిని నోటుబుక్కు తెచ్చి చూపించింది. మొదటి రోజు "టీఎం = 66" అని రాసుకున్న చోట గీత కొట్టి, పక్కన నాలుగు వరుసలు రాసింది. సోడియం ఎంత, ఫాస్ఫేట్ ఎంత, ఏ పీహెచ్, ఏ ఉష్ణోగ్రత దగ్గర సర్దిన పీహెచ్, 85 డిగ్రీల దగ్గర కొలిచిన పోగుల గాఢత, నిమిషానికి అర డిగ్రీ, ఎక్కేటప్పుడు 66.1, దిగేటప్పుడు 65.8, క్యూవెట్ లోపలి తీగతో సరిచూసిన ఉష్ణోగ్రత. అన్నీ ఉన్నాయి. ఏ ముక్కో మాత్రం రాయడం మరిచిపోయింది. అది చూపిస్తే నాలుక కరుచుకొని, వరుసను పైన ఇరికించి రాసుకొని, క్యూవెట్లు కడగడానికి వెళ్లింది. సోమవారం నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఎర్ర టేపు పెట్టె తాళంచెవి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది.